బాల్టిక్, నార్వే ఓడ ప్రయాణాల్లో రేవు దిగి సొంతంగా ఊరు చూడటం ఎలా?

ఉత్తర ఐరోపా క్రూయిజ్ టికెట్టులో గది, భోజనం, సముద్రం కలిసే వస్తాయి గానీ ఊళ్లు రావు. ఓడ ఒక్కో రేవులో ఎనిమిది నుంచి పది గంటలు ఆగుతుంది. ఆ సమయానికి ఓడ కంపెనీ అమ్మే షోర్ ఎక్స్‌కర్షన్ (రేవు దిగినవారికి ఊరు చూపించే టూరు) కొనుక్కోవచ్చు, లేదా మీరే దిగి, బస్సో రైలో ఎక్కి, మీకు నచ్చింది చూసి రావచ్చు. కోపెన్‌హాగన్, స్టాక్‌హోమ్, హెల్సింకీ, టాలిన్, బెర్గెన్ వంటి నగరాల్లో సిటీ బస్సులు, రైళ్లు వేళకు నడుస్తాయి, ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది, కాబట్టి కొత్తవారికి కూడా రెండో పద్ధతి కష్టం కాదు. పైగా గైడు ఎత్తిపట్టిన జెండా వెనక నలభై మందితో కలిసి పరుగు పెట్టనక్కర లేదు. పెద్దవాళ్లను వెంట తీసుకువెళ్లేవారికి, వాళ్లు అలసినచోట పది నిమిషాలు కూర్చునే వీలు ఉండటమే అన్నిటికంటే పెద్ద సౌకర్యమని నా అనుభవం.

అయితే ఓడవారి టూరులో వెళితే, బస్సు ఆలస్యమైనా ఓడ మీ కోసం ఆగుతుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. ఈ ఒక్క తేడాను మనసులో పెట్టుకుని, ఓడ ఎక్కాల్సిన వేళ నుంచి మొదలుపెట్టి ఉదయం వైపు వెనక్కి లెక్క వేసుకుంటూ రావడం నేర్చుకుంటే మిగతా పనులన్నీ సులువే. ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు. చూడాల్సిన వాటి జాబితా ముందు రాసుకుని, తిరుగు ప్రయాణాన్ని చివర్లో ఇరికిస్తారు.

వీసా ముందు, ఊళ్లు తర్వాత

డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఎస్టోనియా, జర్మనీ, నార్వే అన్నీ షెంగెన్ ప్రాంతంలోవే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే దేశాల కూటమిలోవి. నార్వే ఐరోపా సమాఖ్యలో సభ్యురాలు కాకపోయినా షెంగెన్‌లో ఉంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఒకటి కంటే ఎక్కువ సార్లు ప్రవేశించడానికి వీలిచ్చే షెంగెన్ వీసా తీసుకోవడం మంచిది, ఎందుకంటే దారిలో బ్రిటన్ రేవు ఒక్కటి తగిలినా మీరు షెంగెన్ దాటి మళ్లీ లోపలికి వచ్చినట్టే లెక్క. సౌతాంప్టన్‌లో ఓడ ఎక్కేవారికి బ్రిటన్ వీసా కూడా విడిగా కావాలి. అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉంటున్న మనవాళ్లు కొందరు ఆ కార్డు చాలనుకుంటారు. పాస్‌పోర్టు భారతదేశానిదే అయినప్పుడు వారికీ షెంగెన్ వీసా తప్పదు. వీసాకు ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలంటే, ఎక్కువ రోజులు ఉండే దేశానికి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి.

పాత ప్రయాణ పుస్తకాల్లో బాల్టిక్ యాత్ర అంటే సెయింట్ పీటర్స్‌బర్గ్ చుట్టూనే తిరుగుతుంది. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలుపెట్టిన 2022 నుంచి పెద్ద క్రూయిజ్ కంపెనీలు అక్కడికి ఓడలు పంపడం మానేశాయి, కాబట్టి ఆ పుస్తకాల్లోని రోజువారీ ప్రణాళికలను యథాతథంగా పాటించకండి.

ఓడ ఏ గట్టున ఆగుతుంది?

టికెట్టు మీద ఊరి పేరు మాత్రమే ఉంటుంది. ఆ ఊళ్లో ఏ గట్టున ఓడ ఆగుతుందో మీరే కనుక్కోవాలి. ఏ రోజున ఏ ఓడ ఎక్కడ ఆగుతుందో చాలా రేవుల అధికారిక వెబ్‌సైట్లు ముందుగానే ప్రకటిస్తాయి. అదే పట్టికలో ఆ రోజు ఇంకా ఎన్ని ఓడలు వస్తున్నాయో కూడా చూడండి. చిన్న ఊరికి ఒకే ఉదయం మూడు పెద్ద ఓడలు వస్తే బస్సు దగ్గరా, కేబుల్ రైలు దగ్గరా వరుసలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

గట్టు మారితే రోజంతా మారిపోతుంది. కోపెన్‌హాగన్‌లో లాంగెలీనియె గట్టున దిగితే 1913లో ప్రతిష్ఠించిన చిన్న మత్స్యకన్య విగ్రహం నడక దూరంలోనే ఉంటుంది. పెద్ద ఓడలు ఎక్కువగా ఆగే ఓషన్‌కై గట్టు మాత్రం నూర్‌హావ్న్ ప్రాంతం చివర, ఊరికి దూరంగా ఉంది. అక్కడి నుంచి ఓరియెంట్‌కై మెట్రో స్టేషన్‌కు చేరి ఎం4 మెట్రో అందుకోవాలి. హెల్సింకీలో కతయనొక్కా గట్టు నుంచి మార్కెట్ చౌకుకు నడిచిపోవచ్చు, హెర్నెసారి గట్టు నుంచి బస్సు ఎక్కాలి. అన్నిటికంటే పెద్ద తేడా స్టాక్‌హోమ్‌లో కనిపిస్తుంది. స్టాడ్స్‌గోర్డెన్ గట్టు పాత ఊరికి ఎదురుగానే ఉంటుంది. కానీ చాలా ఓడల టికెట్ల మీద స్టాక్‌హోమ్ పక్కన చిన్న అక్షరాల్లో నీనాస్‌హామ్న్ అని ఉంటుంది. అది రాజధానికి దాదాపు 60 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న వేరే ఊరు, రైలులో గంట ప్రయాణం.

ఓడ గట్టుకు ఆనుకుంటుందా, లేక నీటిలో లంగరు వేసి చిన్న పడవల్లో దింపుతుందా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. ఈ చిన్న పడవలను టెండర్ అంటారు. ఓడవారి టూరు కొన్నవారిని ముందు పంపి, మిగతావారికి తర్వాత వంతు ఇస్తారు. టెండర్ ఉన్నచోట ఓడ వచ్చే వేళకూ మీ కాలు నేల మీద పడే వేళకూ మధ్య గంట తేడా ఉంటుందని లెక్క వేసుకోండి. ఎక్కేటప్పుడు కూడా వరుసే.

ఏ ఊరు సొంతంగా, ఏ ఊరు ఓడవారితో?

ప్రతి రేవు గురించీ ఒకే ప్రశ్న వేసుకోండి: వెనక్కి రావడానికి ఎన్ని దారులున్నాయి? బస్సు రాకపోతే ట్యాక్సీ, ట్యాక్సీ దొరకకపోతే నడక ఉన్న ఊళ్లో సొంతంగా తిరగండి. ఒకే రైలు, ఒకే రోడ్డు, రెండు మూడు గంటల దూరం ఉన్నచోట ఓడవారి టూరు కొనండి, లేదా అంత దూరం వెళ్లే ఆలోచన మానుకోండి.

టాలిన్ మొదటి రకానికి చక్కని ఉదాహరణ. రేవు నుంచి పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే కోట గోడల లోపలి పాత ఊరు వస్తుంది. 1997 నుంచి అది యునెస్కో వారసత్వ స్థలం. టౌన్ హాల్ చౌకులో 1422 నాటికే ఉన్న మందుల దుకాణం ఇవాళ్టికీ మందులు అమ్ముతోంది. లోపలికి వెళ్లి చూడవచ్చు. అక్కడి నుంచి టూంపెయా గుట్ట ఎక్కితే కోహ్తుఓత్సా అనే చోటు నుంచి ఎర్ర పెంకుల కప్పులు, వాటి వెనక సముద్రం, సముద్రం మీద మీ ఓడ కనిపిస్తాయి. దారంతా గుండ్రాళ్లు పరిచిన వీధులు కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మెత్తటి అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి, చెప్పులతో నడవనివ్వకండి.

జర్మనీలోని వార్నెమ్యుండె రెండో రకం. ఓడల కరపత్రాల్లో దాని పక్కన బెర్లిన్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కానీ బెర్లిన్‌కు వెళ్లడానికే దాదాపు మూడు గంటలు పడుతుంది, రావడానికి మరో మూడు గంటలు. బెర్లిన్ చూసి తీరాలనుకుంటే ఓడవారితో వెళ్లండి. నన్నడిగితే ఆ రోజు బెర్లిన్ జోలికి పోకుండా, ఓడ పక్కనే ఉన్న స్టేషన్‌లో లోకల్ రైలెక్కి రోస్టాక్, అక్కడి నుంచి బాడ్ డోబెరాన్ వెళ్లమంటాను. అక్కడ 1886 నుంచి నడుస్తున్న మోల్లి అనే చిన్న ఆవిరి రైలు ఊరి బజారు మధ్యలోంచి, దుకాణాల ముందు గంట మోగించుకుంటూ పోయి, సముద్రతీరం చేరుతుంది. పిల్లలున్న కుటుంబానికి ఆరు గంటల ప్రయాణం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

చివరి నుంచి వెనక్కి లెక్క

నీనాస్‌హామ్న్‌లో ఓడ ఆగే రోజును ఉదాహరణగా తీసుకుందాం. ఓడ సాయంత్రం 6 గంటలకు కదులుతుందనుకోండి. ప్రయాణికులందరూ ఎక్కి ఉండాల్సిన వేళను ఆల్ అబోర్డ్ అంటారు. అది సాధారణంగా అరగంట ముందు, అంటే 5:30. కాగితం మీద ముందు అది రాయండి. దాని నుంచి గంటన్నర తీసివేసి 4 గంటలకు రేవులో ఉండాలని నిర్ణయించుకోండి. ఈ గంటన్నరను దేనికీ ఖర్చు పెట్టకూడదు, అది రద్దయిన రైలు కోసం దాచిపెట్టిన సమయం. ఇక్కడ రైళ్లు సాధారణంగా అరగంటకొకటి నడుస్తాయి కాబట్టి ఒకటి రద్దయినా, తర్వాతిది ఆలస్యమైనా మీరు ఓడ అందుకుంటారు. స్టేషన్ నుంచి రేవుకు నడక, రైలులో గంట కలిపితే స్టాక్‌హోమ్‌లో మధ్యాహ్నం 2:40 ప్రాంతంలో రైలు ఎక్కాలి. అంటే 2:15కు ఎక్కడ ఉన్నా స్టేషన్ దారి పట్టాలి. ఉదయం 8:30కు ఓడ దిగి 9 గంటల ప్రాంతపు రైలు ఎక్కితే పదింటికి నగరంలో ఉంటారు. ఇప్పుడు తెలిసింది కదా, మీ చేతిలో ఉన్నది పది గంటలు కాదు, నాలుగుంపావు గంటలు.

ఆ నాలుగుంపావు గంటల్లో రెండే చోట్లు పెట్టుకోండి. మొదటిది వాసా మ్యూజియం. 1628లో వాసా అనే యుద్ధనౌక మొదటి ప్రయాణంలోనే కిలోమీటరున్నర కూడా పోకుండా రేవులోనే మునిగిపోయింది. 333 ఏళ్ల తర్వాత, 1961లో పైకి తీశారు. మసక వెలుతురులో నల్లబడిన ఓకు దూలాల ఓడ మొత్తం మీ ముందు నిలబడి ఉంటుంది. వెనక భాగంలో చెక్కిన సింహాలను కింద నుంచి ఒకసారి, పై అంతస్తుకు ఎక్కి వాటి ముఖాలకు ఎదురుగా ఇంకోసారి చూడండి. బరువు తూకం తప్పితే ఎంత గొప్ప ఓడైనా ఎలా ఒరిగిపోతుందో గైడు చెప్పనక్కర లేకుండానే తెలుస్తుంది. గంటన్నర దీనికి ఇవ్వండి. అక్కడి నుంచి యూర్‌గోర్డెన్ పడవలో స్లుస్సెన్ చేరి, గామ్లా స్టాన్ అనే పాత ఊళ్లో నడుస్తూ భోజనం చేసి, రైలు అందుకోండి. మూడో చోటు జాబితాలో చేర్చారంటే దాచిపెట్టిన గంటన్నరలో చేయి పెట్టినట్టే.

వారం, పండుగ కూడా ఈ కాగితం మీదే సరిచూడండి. ఈ ప్రాంతంలో చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు. స్వీడన్, ఫిన్లాండ్‌లలో జూన్ 19, 25 తేదీల మధ్య వచ్చే శుక్రవారం, ఆ మర్నాడు శనివారం మిడ్‌సమ్మర్ పండుగకు దుకాణాలు మూతపడతాయి, బస్సులు తగ్గుతాయి; ఎస్టోనియాలో జూన్ 23, 24 సెలవులు. వేసవిలోనే పట్టాల మరమ్మతులు చేస్తారు గనుక రైలు బదులు బస్సు నడిపే రోజులు కూడా ఉంటాయి. ప్రయాణానికి వారం ముందు స్థానిక రవాణా సంస్థ యాప్‌లో మీ తేదీ వేసి చూడండి.

ఓడ గడియారం, ఫోను గడియారం

ఫిన్లాండ్, ఎస్టోనియా గడియారాలు స్వీడన్, డెన్మార్క్, జర్మనీ, నార్వేల కంటే ఒక గంట ముందుంటాయి. ఫోను నేల మీది సమయాన్ని తనంతట తానే పట్టుకుంటుంది. ఓడ మాత్రం కెప్టెన్ నిర్ణయించిన సమయంలో నడుస్తుంది, ఆ రెండూ ఒకటి కావాలని ఎక్కడా లేదు.

మా ప్రయాణంలో హెల్సింకీ తర్వాత స్టాక్‌హోమ్, ఆ మర్నాడు టాలిన్. మధ్యలో ఒక్క రోజు కోసం గడియారాలు మార్చకుండా ఓడ హెల్సింకీ సమయంలోనే ఉండిపోయింది. ముందు రాత్రి గదిలో పెట్టిన కాగితంలో ఆ సంగతి రాసి ఉన్నా నేను చదవలేదు. స్టాడ్స్‌గోర్డెన్ గట్టున దిగి, పాత ఊరి పెద్ద చౌకులో అమ్మానాన్నలతో కాఫీ ముందు కూర్చున్నాం. ఆల్ అబోర్డ్ 4:30, నా ఫోనులో 2:45. ఇంకా బోలెడు సమయం ఉందని మరో కాఫీ చెప్పబోతుంటే నాన్నగారు మణికట్టు నా వైపు తిప్పి, "నా గడియారంలో మూడూ నలభై అయిదయింది, ఓడ మెట్ల దగ్గర చూసి పెట్టుకున్నాను" అన్నారు. పాత హెచ్ఎంటీ గడియారం, తాళం తిప్పేది. అమ్మ చేయి పట్టుకుని గుండ్రాళ్ల వీధుల్లో వేగంగా నడిచి 4:15కు ఓడ ఎక్కాం. ఆ రోజు ఊరికి గంట దూరంలోని రేవు అయి ఉంటే మేం చేరేవాళ్లం కాదు. అందుకే చెబుతున్నాను: ఒకరి చేతికైనా ఓడ సమయం పెట్టిన గడియారం ఉండాలి, దిగేటప్పుడు మెట్ల దగ్గర రాసి ఉన్న వేళను ఫోటో తీసుకోవాలి.

ఇంకో సంగతి, జూన్‌లో ఈ దేశాల్లో రాత్రి తొమ్మిదింటికి కూడా ఎండ ఉంటుంది. మనకు పొద్దు చూసి వేళ పోల్చుకునే అలవాటు ఉంది కాబట్టి సాయంత్రం అయిదు మనకు మధ్యాహ్నం మూడులా కనిపిస్తుంది.

నార్వే రేవులు

నార్వే తీరంలో ఊళ్లు చిన్నవి, కొండలు పెద్దవి, రోడ్లు కొన్నే. ఇక్కడ ఒక్క పని చాలు, కానీ దాన్ని చాలా ముందుగా బుక్ చేసుకోవాలి.

ఫ్లోమ్‌లో ఆ ఒక్క పని ఫ్లోమ్ రైలు. 20 కిలోమీటర్ల దారిలో సముద్రమట్టం నుంచి దాదాపు 866 మీటర్ల ఎత్తున ఉన్న మీర్దాల్‌కు సుమారు గంటలో ఎక్కుతుంది, మధ్యలో షోస్‌ఫోస్సెన్ జలపాతం దగ్గర ఆగుతుంది. ఓడ దిగిన వేలమందికీ అదే కావాలి, ఓడ కంపెనీలు కూడా సీట్లు ముందే తీసుకుంటాయి, కాబట్టి టికెట్లు అమ్మకానికి పెట్టిన వెంటనే ఉదయపు రైలు కొనుక్కోండి. దొరకకపోతే బాధపడకండి, ఊరి నుంచి బ్రెక్కెఫోస్సెన్ జలపాతానికి రాళ్ల మెట్ల దారి ఉంది. మెట్లు నిటారుగా ఉంటాయి గానీ పైనుంచి ఫ్యోర్డ్, అంటే కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయ, కనిపిస్తుంది.

గైరాంగర్‌లో ఊరి పక్కనే దూకే వాగును ఆనుకుని 327 మెట్లు కట్టారు. ఓడ నుంచి నడిచి వెళ్లి ఎక్కవచ్చు. నీటి తుంపర మొహాన పడుతూనే ఉంటుంది. బెర్గెన్‌లో ఏడాదికి రెండు వందలకు పైగా రోజులు వాన పడుతుంది, కాబట్టి మబ్బు లేని గంట కనిపించగానే 1918 నుంచి నడుస్తున్న ఫ్లోయెన్ కేబుల్ రైలు ఎక్కి 320 మీటర్ల ఎత్తు నుంచి ఊరు చూసేయండి, రేవు పక్కనే ఉన్న బ్రిగ్గెన్ చెక్క ఇళ్లను వానలోనైనా చూడవచ్చు. ఓలెసుండ్ 1904లో కాలిపోయి ఒకే శైలిలో తిరిగి కట్టుకున్న ఊరు; ఆక్స్‌లా గుట్టకు 418 మెట్లు.

స్తావాంగర్‌లో మాత్రం ఒక హెచ్చరిక. ఫోటోల్లో చూసే ప్రెయికెస్టోలెన్ శిల 604 మీటర్ల ఎత్తున నిజంగానే అద్భుతం. కానీ రానూపోనూ ఎనిమిది కిలోమీటర్ల కొండదారి, నాలుగు గంటల నడక, దానికి ముందూ వెనకా బస్సు. ఓడ ఎనిమిది గంటలే ఆగితే సొంతంగా వెళ్లకండి. శిలను కింద నుంచి చూపించే లీసెఫ్యోర్డ్ పడవలున్నాయి, లేదా రేవుకు ఎదురుగా పాత స్తావాంగర్ తెల్ల చెక్క ఇళ్ల సందుల్లో తిరగండి.

డబ్బు, బట్టలు, జేబులో కాగితం

డెన్మార్క్, స్వీడన్, నార్వేలకు ఎవరి క్రోనా వారిదే. ఫిన్లాండ్, ఎస్టోనియా, జర్మనీల్లో యూరో. కరెన్సీ మార్చుకోవడంలో సమయం పోగొట్టుకోకండి, చాలాచోట్ల మరుగుదొడ్డి రుసుము దాకా కార్డు తాకిస్తే సరిపోతుంది. భారతీయ బ్యాంకు కార్డు అయితే బయలుదేరే ముందే యాప్‌లో విదేశీ వాడకాన్నీ, కాంటాక్ట్‌లెస్‌నూ తెరిచి పెట్టండి. స్టాక్‌హోమ్ రైలు గేట్లలో ఒక కార్డుతో ఒక్కరే వెళ్లగలరు కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. హెల్సింకీలో రోజు టికెట్టు కొంటే బస్సు, ట్రామ్‌తో పాటు సువొమెన్‌లిన్నా కోట దీవికి పావుగంటలో తీసుకుపోయే పడవ కూడా అందులోనే వస్తుంది. జూలై అయినా పల్చటి స్వెట్టరు, దాని మీద వానకోటు వేసుకోండి. గాలికి గొడుగు నిలవదు.

ఓడ నుంచి ప్రతి రాత్రీ వచ్చే కాగితంలో పోర్ట్ ఏజెంట్ (రేవులో ఓడ కంపెనీ తరఫున పనిచూసే మనిషి) ఫోన్ నంబరు ఉంటుంది. దాన్ని చించి జేబులో పెట్టుకోండి, ఫోనులో కూడా ఫోటో ఉంచండి. ఆలస్యమవుతుందని తెలిసిన క్షణమే, రేవుకు చేరేదాకా ఆగకుండా, ఆ నంబరుకు ఫోన్ చేయండి. పాస్‌పోర్టు ఓడవారి దగ్గరుంటే దాని మొదటి పేజీ, వీసా పేజీల నకళ్లు వెంట ఉండాలి. ఓడ వెళ్లిపోతే తర్వాతి రేవుకు రైలులోనో విమానంలోనో మీ ఖర్చుతో చేరుకోవాలి, దారి చెప్పేది ఆ ఏజెంటే. రెండు రోజులకు సరిపడా బీపీ, షుగరు మాత్రలు గదిలో వదిలేయకుండా అమ్మానాన్నల చేతిసంచిలోనే పెట్టి ఓడ దిగండి.